సముద్రం ఒడ్డున పెళ్లిచూపులు

మంచి అల్లుణ్ని వెతకడం కంటే మంచి బీచ్‌ని వెతకడం కష్టమని నాకు ఈ మధ్యే తెలిసింది. అల్లుణ్ని మా ప్రణాలి తనే వెతుక్కుంది. దాదర్‌లో మన తెలుగువాళ్ల హాల్లో బతుకమ్మ ఆడటానికని వెళ్లి, అక్కడ స్పీకర్ బాక్సులు మోస్తున్న తుషార్‌ని చూసుకుని వచ్చింది. పిల్లవాడు మంచివాడు, ఉద్యోగం ఉంది, మాట కంటే ముందు నవ్వు వస్తుంది. తండ్రి లేడు. తల్లి కలావతి ఒక్కతే. వాళ్లూ మన కామాటీలే. అంటే, పాలమూరు వైపు నుంచి రాళ్లు మోయడానికి వచ్చినవాళ్ల మనవలే. కాకపోతే ఎప్పుడో దాదర్‌లో ఫ్లాటు కొనుక్కుని వెళ్లిపోయారు. బీచ్‌ని మాత్రం నేను వెతకాల్సి వచ్చింది.

ఎందుకంటే, సంబంధం అనుకున్నాక మొదట పిల్లవాడి వైపు వాళ్లు ఇల్లు చూడటానికి వస్తారు. అది మనలో ఆనవాయితీ. వస్తారు, చాయ తాగుతారు, గోడల మీద ఫొటోలు చూస్తారు, చుట్టుపక్కల వాళ్లను పలకరిస్తారు. మా ఇల్లు కామాటిపుర తొమ్మిదో గల్లీలో. ఇదిగో, ఈ ముక్క నేను ఇంత సులువుగా ఎవరికీ చెప్పి ఎరగను. ప్రణాలిని బడిలో వేసినప్పుడు ముంబై సెంట్రల్ అని చెప్పాను. టాక్సీవాడికి నాగ్‌పాడా అని చెప్పి, అక్కడే దిగి, మిగతా దారి నడిచి వచ్చే రకాన్ని. కామాటిపుర పేరు వినగానే అవతలి మనిషి కళ్లు మన ముఖం మీంచి కిందికి జారి మళ్లీ పైకి వస్తాయి. ఆ చూపు నేను సోలాపూర్ నుంచి కోడలిగా వచ్చిన రోజు నుంచీ పడుతున్నాను. ఒళ్లమ్ముకునే ఆ వ్యాపారం ఇప్పుడు రెండు మూడు గల్లీలకు కుంచించుకుపోయింది. మా గల్లీలో ఉన్నవి సంసారాలు, సంచులు కుట్టే కార్ఖానాలు, ఒక పిండి గిర్నీ. అయితే ఏం, పేరుకు పట్టిన మరక గల్లీ నంబరు చూసి ఆగుతుందా?

అందుకే కలావతి ఫోన్ చేసి "ఇల్లు చూడనీకి ఎప్పుడు రమ్మంటరు వదినా?" అనగానే నా నోరు నన్ను అడక్కుండానే బయలుదేరింది.

"ఇల్లేముంది వదినా, ఇరుకు ఇల్లు. దివాలీ సెలవులున్నయ్ గద, రెండు ఇండ్లోల్లం కలిసి సముద్రం దిక్కు పోదం. పిల్లలు కూడ ఒకల్నొకలు మంచిగ సమజ్ చేస్కుంటరు."

"సముద్రం దిక్కా?" అంది కలావతి. తర్వాత "సరే, మీ ఇష్టం" అంది.

ఇక నా తిప్పలు చూడాలి. జుహూ వద్దు, అక్కడ అడుగడుగునా తెలిసినవాళ్లే తగులుతారు. ఒకచోట ఇసుక బాగుంటే నీళ్లలో లాగుడు ఎక్కువ. ఇంకోచోట నీళ్లు నెమ్మదైతే ఆడవాళ్లు తడిబట్టలు మార్చుకునే గది ఉండదు. మరోచోట అన్నీ ఉంటాయి, పొద్దుగూకితే సీసాలు పట్టుకుని కుర్రమూక దిగుతుంది. ఫోన్‌లో ఫొటోలన్నీ నీలంగానే ఉంటాయమ్మా! కింద జనం పెట్టిన తిట్లు చదివితే తెలుస్తుంది అసలు భాగోతం. నేను బీచ్ దగ్గర గదులిచ్చే ఒక్కో ఇంటివాళ్లకు ఫోన్ చేసి అడిగేదాన్ని. కాపలా మనిషి ఉన్నాడా, ఈల ఊదుతాడా, ఎర్రజెండా ఎక్కడ పాతుతారు, పోటు ఏ వేళకు వస్తుంది, బాత్రూమ్‌కు గడియ పడుతుందా. అన్నీ అయ్యాక చివర ఒకటే ప్రశ్న: "ఫ్యామిలీలే వస్తాయా? వేరే రకం జనం రారు కదా?"

మా ఆయన నిలేష్ నాగ్‌పాడాలో మోటారు సామాన్ల దుకాణంలో పనిచేస్తాడు. మాట తక్కువ మనిషి. ఆయనకే విసుగొచ్చి, "ఏందే, పిల్లకు గాదు, సముద్రానికి పెండ్లిచూపులు జేస్తున్నవ్" అన్నాడు.

"చేస్త. రేపు ఆమె వచ్చి ముక్కు మూసుకుంటె నీకు సంబురమా?"

చివరికి నారళ్‌వాడి అనే ఊరు దొరికింది. లాంచీ దిగాక టమ్‌టమ్ ఆటోలో గంట దారి. రోజూ తెల్లారగానే ఊరి ఆడవాళ్లే ఇసుక ఊడుస్తారట. చాలా దూరం దాకా మోకాలి లోతే. గదులిచ్చే ముసలాయన ఫోన్‌లో గట్టిగా చెప్పాడు, ఓన్లీ ఫ్యామిలీ తాయీ, బ్యాచిలర్లను గేటు దగ్గరే పంపించేస్తాను అని. ఆ మాటకు నా ప్రాణం లేచి వచ్చింది. కామాటిపుర ఆడది ఫ్యామిలీ బీచ్ కావాలని అంత పట్టుబట్టడం చూసి మా గల్లీ కుక్క కూడా నవ్వేదేమో. నాకు మాత్రం అప్పుడు నవ్వు రాలేదు.

బయలుదేరే ముందు అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఎవరు అడిగినా ముంబై సెంట్రల్. అంతే.

"మమ్మీ, తుషార్‌కు మాలూమ్ ఉన్నది" అంది ప్రణాలి.

"వాళ్లమ్మకు?"

"నాకేం తెల్సు? నువ్వే ఆ మాట ఎత్తొద్దంటివి."

"ఐతే ఇప్పుడు కూడ ఎత్తకు. పెండ్లి కానీ, ఆ తర్వాత తొమ్మిదో గల్లీల డప్పు కొట్టుకో."

మా అత్తమ్మ రాజవ్వ గోడకు ఆనుకుని వక్క కొరుకుతూ అంతా విన్నది. ఆమెకు డెబ్బై దాటాయి. వయసులో ఉండగా గమేలాలో ఇసుకా కంకరా నెత్తిన పెట్టుకుని ఈ నగరంలో ఎన్ని మేడలు ఎక్కిందో ఆమెకే తెలియదు. కాని మిగతావన్నీ తెలుసు. మా చాల్‌లో, మేముండే వరసగదుల మేడలో, ఎవరి పెళ్లి ఏ వానాకాలంలో అయింది, ఎవరి కొడుకు ఎవరికి ఏం వరస, కుళాయి దగ్గర ఎవరి వంతు ఎప్పుడు మొదలైంది, ఏ తగువైనా ఆమె దగ్గరికే వస్తుంది. ఆమె చెప్పాక ఇక అప్పీలు లేదు.

"నాకు బంబైల తెల్సిన ఊరి పేరు ఒక్కటే" అంది అత్తమ్మ. "అది చెప్పొద్దంటివి. సరె, పిల్ల కోసమని నోరు మూస్కుంట తియ్."

మేం నలుగురం ఒక రోజు ముందే వెళ్లాం. తుషార్‌కు డ్యూటీ ఉండటంతో తల్లీకొడుకులు మర్నాడు పొద్దున్నే మొదటి లాంచీకి వస్తామన్నారు. నారళ్‌వాడి నేను అనుకున్న దానికంటే బాగుంది. ఇసుక మీద ఒక్క కాగితం ముక్క లేదు. అత్తమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలోకి నడిచి, దోసిలితో నీళ్లు కళ్లకద్దుకుని, "గంగవ్వా, నీ ఇల్లు మంచిగున్నదే" అంది. ఆమెను అంత సంతోషంగా నేను ఎన్నడూ చూడలేదు. నా ఎంపికకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు ఆ ముచ్చట తీరింది. మా ఆయన, ప్రణాలి చేపలు తేవడానికి ఇంటివాళ్లతో వెళ్లారు. గదిలో నేనూ అత్తమ్మే. ఉన్నట్టుండి ఎవరో తలుపును అరచేత్తో బాదుతూ, "దార్ ఉఘడ్ రే!" అని అరిచారు, తలుపు తియ్యరా అని. గొంతులో మందు తెలుస్తోంది. అత్తమ్మ ఒక్క ఉదుటున లేచి, మూలనున్న చీపురుకట్ట తిరగేసి పట్టుకుని తలుపు వెనక నిలబడింది. ముఖంలో నెత్తురు లేదు. నేను తలుపు తీశాను. పక్క గదుల్లో దిగిన పెద్ద కుటుంబం తాలూకు పిల్లగాడు. గది పొరబడ్డాడు. నన్ను చూసి చెవులు పట్టుకుని, "సారీ ఆంటీ, సారీ" అంటూ పారిపోయాడు.

నాకు అది అక్కడితో అయిపోయింది. అత్తమ్మకు అవలేదు. తలుపుకు వీపు ఆనించి కూర్చుని, "ఓన్లీ ఫ్యామిలీ అంటివి గద" అంది.

"వాళ్లు ఫ్యామిలీయే అత్తమ్మా. పోరడు గది మర్చిపోయిండు."

"అందరు మర్చిపోయే వస్తరు పిల్లా" అంది.

మర్నాడు పొద్దెక్కాక నేను వెనక వంటింట్లో చాయకు పాలు పొంగిస్తుంటే టమ్‌టమ్ ఆగిన చప్పుడు వినిపించింది. కొంగు సవరించుకుని పరిగెత్తాను. తుషార్ చేతిలో సూట్‌కేసు, కలావతి చేతిలో మిఠాయి డబ్బా. ఇద్దరూ మా గది ముందు నిలబడి తలుపు కేసి చూస్తున్నారు. ఇంటి ముసలాయన కూడా చూస్తున్నాడు. ఈ మధ్యే తెల్లరంగు వేసిన తలుపు. దాని మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా బొగ్గుతో, జానెడేసి హిందీ అక్షరాలతో, 'ఫ్యామిలీ' అని రాసి ఉంది. పక్కనే మా అత్తమ్మ, నల్లబడ్డ వేళ్లతో, పని బాగా కుదిరినట్టు నిలబడి ఉంది.

సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. మా వైపు సంసారాలున్న ఇళ్ల తలుపుల మీద ఈ ఒక్క మాట రాసి ఉంటుంది. రేకు పలక మీద కొందరు, చెక్క మీదే కొందరు. ఇది ఆ ఇల్లు కాదు, తట్టకండి అని. మా మామ బతికున్నప్పుడు ఎర్రరంగుతో రాయించాడు. ఆయన పోయాక ప్రతి దివాలీకి అత్తమ్మే ఆ అక్షరాల మీద రంగు దిద్దుతుంది. బడి మొహం చూడని మనిషి. వేలిముద్ర తప్ప సంతకం రాదు. కాని దిద్దీ దిద్దీ ఈ ఒక్క మాట చెయ్యి పట్టేసింది. లోకంలో ఆమెకు రాయడం వచ్చిన మాట ఇదొక్కటే. మనవరాలి పెళ్లిచూపులకు వచ్చిన చోట తాగిన చెయ్యి తలుపు తడితే, నీళ్లు కాచే పొయ్యిలోంచి బొగ్గు తీసి, తనకు తెలిసిన కాపలా తను పెట్టింది.

కలావతి తలుపు చూసి, అత్తమ్మ వేళ్లు చూసి, నన్ను చూసింది. "ఇదేంది వదినా?"

అప్పుడు నేను నిజం చెప్పి ఉంటే పోయేదేముంది? తల కొట్టేసినట్టు ఉండేది ఒక్క నిమిషం. ఆ ఒక్క నిమిషం కూడా ఓర్చుకోలేకపోయాను. చేత్తో నా కణత చూపించి, గొంతు తగ్గించి అన్నాను: "ఏమనుకోకు వదినా. మా అత్తమ్మకు జెర్ర మతి సక్కగ లేదు. ఏది దొరికితే దాంతోని, ఏడ పడితే ఆడ రాస్తది."

గొంతు తగ్గించానన్న మాటే గాని, అత్తమ్మ రెండడుగుల దూరంలో ఉంది. ఆమె చెవులు పాము చెవులు. నా వైపు చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. కోపం ఉంటే బాగుండేది. లేదు. నన్ను చూసి, వెనక నిలబడి గుడ్ల నీళ్లు కుక్కుకుంటున్న ప్రణాలిని చూసింది. అంతే, ఆమె దవడ వదులైంది. పెదాలు వేలాడేసి నవ్వి, బొగ్గు వేళ్లు కలావతి చీర కుచ్చిళ్లకు తుడిచింది.

"నువ్వు మా పెద్దబిడ్డవు గద? అత్తగారింటి నుంచి ఎప్పుడొచ్చినవే?" అంది.

ఆమెకు పెద్దబిడ్డ లేదు. మా ఆయన ఒక్కడే సంతానం.

ఆ పూటంతా అదే వరస. చాయ తాగి, కప్పు కడక్కముందే "నాకు చాయ పొయ్యలేదు" అని గోల. ఎడమ చెప్పు కుడికాలికి. ఇసుక చెంగున మూటగట్టుకుని "బియ్యం, బియ్యం" అనడం. కలావతి పాపం ప్రతిదానికీ ఓపిగ్గా "అట్లనే పెద్దమ్మా, అట్లనే" అంటోంది. మా ఆయన ఒక్కసారే నా దగ్గరికి వచ్చాడు. "మా అవ్వను పిచ్చిదాన్ని జేస్తివి గద సీమా" అని వెళ్లిపోయాడు. ఎదురు మాట్లాడటంలో నా అంతటిది గల్లీలో లేదంటారు. ఆ పూట మాత్రం కలావతికి ఇంకో కప్పు చాయ పోయడానికి లేచాను.

గది వెనక ఆమె ఒంటరిగా దొరికితే చెయ్యి పట్టుకున్నాను. "అత్తమ్మా, ఏందిది? ఇంత ఎందుకు?"

ఒక్క క్షణంలో ఆమె దవడ బిగిసింది. కళ్లు మా చాల్‌లో తగువు తీర్చేటప్పటి కళ్లు.

"నువ్వే అంటివి గద. సగం పిచ్చి ఎవలు నమ్ముతరు? జేస్తే పూర్తిగ జెయ్యాలె. తలుపు మీద రాసి తప్పు జేసిన, నేనే దిద్దుకోవాలె. పిల్ల పెండ్లయ్యేదాక ఇట్లనే ఉంట. ఆ తర్వాత పోచమ్మ తల్లి బాగ జేసిందని చెప్పుకుందం." చెంగులోని ఇసుక దులిపి, నా చెంప మీద తట్టింది. "ఏడ్వకు. ముక్కు ఎర్రగైతది, వాళ్లు చూస్తరు."

చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ మాటకు నా గుండె బరువెక్కడంతో పాటు కాస్త తేలిక కూడా పడింది. పోనీలే, గట్టెక్కాం అనిపించింది. ఇంతకంటే నీచం ఉంటుందా?

మధ్యాహ్నం భోజనాలయ్యాక ప్రణాలి, తుషార్ నీళ్ల అంచున నడుస్తున్నారు. మా ఆయన అత్తమ్మ పక్కన ఇసుకలో కూర్చున్నాడు. కలావతి నన్ను సరుగుడు చెట్ల నీడకు పిలిచింది.

"వదినా, చెప్తె బాధ పడొద్దు. పిల్ల బంగారం. మావాడు దాని పేరు తియ్యని రోజు లేదు. మీది కామాటిపుర అని కూడ వాడు మొదటి దినమే చెప్పిండు."

నా కాళ్ల కింద ఇసుక కదిలింది. "మీకు... తెల్సా?"

"తెల్వకేం? కామాటోల్లు కామాటిపురల ఉండక కొలాబాల ఉంటరా?" అని నవ్వింది. "మా మామ ఏడ గమేలా మోసిండనుకున్నవ్? మీరు ముంబై సెంట్రల్, ముంబై సెంట్రల్ అంటుంటె నాకు లోపల నవ్వొచ్చేది. ఇల్లు చూస్తనంటె సముద్రం కాడికి పిలిస్తిరి. మేం మీ ఇంట్ల చాయ తాగెటంత దగ్గరోల్లం కామేమో అని మనసుకు జెర్ర కష్టమైంది. పోనీ, అది పెద్ద ముచ్చట గాదు."

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఇన్నాళ్లూ నేను దాచిందేమిటి మరి? ఎవరి దగ్గర దాచాను? అరే, ఇంతేనా అనిపించి నవ్వొచ్చేలోగా కలావతి గొంతు మారింది.

"కాని పెద్దామెను చూసినంక నాకు భయమైతుంది. మా చిన్న మరిది గట్లనే ఉండె. నేను కాపురానికి వచ్చిన సంది ఆయన పోయేదాక నేనే సాకిన. బయటికి పోతె వెతుకుడు, ఇంట్ల ఉంటె గడియలు. నా నడుము గందుకే పోయింది. ఇది రక్తంల వస్తదంటరు, మా దిక్కు ఇప్పటికే ఉన్నది. రేపు ప్రణాలికో, దాని కడుపున పుట్టెటోల్లకో వస్తె... నాతోని మల్ల గాదు వదినా. ఈ ముచ్చట ఇక్కడ్నే ఆపుదం. పిల్లగానికి నేనే చెప్పుకుంట."

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. అడ్డమే కాని ఊరి పేరును దాచడానికి, ఎక్కడా లేని రోగాన్ని నా చేతులతో తెచ్చి నా కూతురి పెళ్లికి అడ్డం పెట్టాను.

"లేదు వదినా! మా అత్తమ్మకు ఏ రోగం లేదు. నేను అబద్ధం చెప్పిన. ఆ తలుపు మీద రాత... మా దిక్కు ఇండ్ల తలుపుల మీద గట్లనే రాస్తం, ఎవరు తట్టొద్దని. నిన్న ఒక తాగుబోతు పోరడు తలుపు కొట్టిండు. ఆమె భయపడి రాసింది. నేను కామాటిపుర బయట పడ్తదని పిచ్చి అని చెప్పిన. ఆమె నా మాట నిలబెట్టనీకి నటిస్తున్నది."

కలావతి నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని నిమిరింది. "ఆడపిల్ల తల్లివి. నీ బాధ నాకు సమజైతది" అంది. ఒక్క ముక్క నమ్మలేదు.

"నాతోని రా. ఆమెనే అడుగు."

ఆమెను లాక్కుపోయినట్టే తీసుకెళ్లాను. అత్తమ్మ ఇసుకను కుప్ప పోస్తూ, మమ్మల్ని చూడగానే మళ్లీ పెదవి వేలాడేసింది. మా ఆయన తల తిప్పుకున్నాడు. కలావతి ఆమె ముందు గొంతుక్కూర్చుని, చిన్నపిల్లను అడిగినట్టు, "పెద్దమ్మా, మీ ఇల్లు ఏడుంటది?" అంది.

"ఈ నీళ్లల్లనే" అంది అత్తమ్మ.

"అత్తమ్మా, ఇగ వద్దు. చెప్పు. కామాటిపుర అని చెప్పు. ఆమెకు మొదట్నే తెల్సు."

అత్తమ్మ నా ముఖం వెతికింది. నేను నిజం చెబుతున్నానా, పట్టుబడిపోయి కంగారు పడుతున్నానా అని. పొద్దున తన ముందే అంత సునాయాసంగా అబద్ధం ఆడినదాన్ని. నన్ను ఆమె ఏం చూసి నమ్ముతుంది? ఆమె కలావతి వైపు తిరిగి, ఖాళీ కళ్లతో తల అడ్డంగా ఊపింది.

"కామాటిపురనా? అదేడున్నది? నేనెప్పుడు ఇనలె."

పెళ్లయి వచ్చింది అక్కడికి. కొడుకును కన్నది అక్కడ. మొగుణ్ని ఆ మెట్ల మీంచే దించింది. నేను చచ్చినా ఈ ఊరి పేరు పలకనని ఎగిరేదాన్ని. ఆమె మాత్రం ఏనాడూ దాచలేదు. ఊళ్లో ఏ మూల ఎవరు అడిగినా తొమ్మిదో గల్లీ అని గల్లీతో సహా చెప్పే మనిషి. ఆ మనిషి నా కోసం, నా కూతురి కోసం, ఆ పేరే వినలేదంది.

"పాపం, సొంత ఇల్లు గూడ యాదికి లేదు" అని కలావతి కళ్లు తుడుచుకుంది.

నేను ఆ తడి ఇసుకలో కూలబడి అత్తమ్మ పాదాలు రెండూ పట్టుకున్నాను. "నీకు గాదు అత్తమ్మా, మతి లేనిది నాకు. నన్ను కొట్టు, తిట్టు, గట్ల మాత్రం మాట్లాడకు" అని గొంతు పగిలేలా ఏడ్చాను. చుట్టూ జనం చూస్తున్నారు. చూడనీ. నా ఏడుపు విని ప్రణాలి, తుషార్ పరిగెత్తుకొచ్చారు. తుషార్ వాళ్లమ్మ ముఖం చూసి సంగతి పట్టేసి, ప్రణాలి చెవిలో ఏదో అన్నాడు. అది వచ్చి ముసలిదాని మెడ చుట్టూ చేతులేసింది.

"ఆజీ, బస్. ఆంటీకి అంతా మాలూమ్. సచ్చీ చెప్తున్న. ఇగ చాలు."

మనవరాలు చెబితే నమ్మింది. అత్తమ్మ పోసిన ఇసుక కుప్పను చేత్తో చదును చేసింది. తర్వాత నోరు మూసుకుంది, పెదాలు తుడుచుకుంది. చెప్పులు విప్పి, కుడిది కుడికాలికి, ఎడమది ఎడమకాలికి తొడుక్కుంది. మా ఆయన చెయ్యి అందించబోతే వద్దని, మోకాళ్ల మీద చేతులు ఆనించి తనే లేచింది. తన కొడుకు వయసున్న ఆడమనిషి ముందు నిలబడి రెండు చేతులూ జోడించింది.

"బిడ్డా, నా మతి మంచిగనే ఉన్నది. తలుపు ఖరాబ్ జేసింది నేను. పిచ్చిదాని లెక్క ఉండింది నేను. నా కోడలు చిన్నది, భయంల నోరు జారింది. తప్పంత నాది. పిల్లది మాత్రం మంచిది. దాన్ని ఒద్దనకు."

ఆ నింద కూడా ఆమే మీద వేసుకుంది. నా తప్పు నా కళ్లముందే తన నెత్తికెత్తుకుంది. నేను కలావతి పాదాల కేసి చూస్తూ ఉండిపోయాను, తల ఎత్తడానికి నాకు ముఖం ఎక్కడిది?

కలావతి చప్పున ఆ చేతులు పట్టి కిందికి దించింది. "పెద్దమ్మా, నువ్వు నాకు దండం పెట్టుడేంది! నాకు పాపం తగుల్తది" అంది. కలావతి మామ పేరు, ఆయన ఏ మేస్త్రీ కింద పనిచేశాడు అని అడిగింది అత్తమ్మ. కలావతి చెప్పింది. ఆ మేస్త్రీకి కన్ను ఏది మెల్లో, పెళ్లాం ఏ ఊరిదో అత్తమ్మ చెప్పింది. కలావతికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆ తర్వాత నా వైపు తిరిగింది. అప్పుడు నవ్వు లేదు.

"సీమా వదినా, పిల్లలకు ఇష్టమైంది, నాకు ఇష్టమే. కాని ఒక్క ముచ్చట. ఈ సంబంధం నీ మాట మీద గాదు, ఈమె మాట మీద ఒప్పుకుంటున్న. నీ మాట నేను ఎట్ల నమ్మాలె, నువ్వే చెప్పు."

నేను లేచి చీరకు అంటిన ఇసుక దులుపుకున్నాను. పెళ్లి కుదిరింది, నా కూతురు నవ్వుతోంది, నేను కోరుకున్నవన్నీ దొరికాయి. అయినా నా లోపల ఏదో ఒకటి ఆ ఇసుకలోంచి లేవలేదు. తుషార్ తలుపు కడుగుతానని బక్కెట్ పట్టుకెళితే, ముసలాయన ఉండనీ బాబూ, గేటు మీద నా 'ఓన్లీ ఫ్యామిలీ' బోర్డు కంటే అదే బాగుంది అన్నాడట. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నలుగురితో పాటు.

మర్నాడు తిరుగు లాంచీలో మా ఎదురు బెంచీ మీద కొబ్బరికాయల బుట్టతో ఒక మరాఠీ ఆవిడ కూర్చుంది. మాటకారి. అత్తమ్మ చేతి పచ్చబొట్టు చూసి ముచ్చటపడి, వక్క పెట్టి, కబుర్లు మొదలుపెట్టింది. ఇద్దరికీ బాగా కుదిరింది. కాస్త దూరం పోయాక ఆమె మామూలుగానే అడిగింది, ముంబైలో మీరు ఎక్కడ ఉంటారు ఆజీ అని.

అత్తమ్మ నోరు తెరిచింది. తెరిచి, ఆగింది. మాట బయటికి రాకముందు, ఏం చెప్పమంటావు అన్నట్టు, నా ముఖం కేసి చూసింది.